దిగి చూసిన ట్రాక్టర్లు

కండక్టరుగారు ఏ వస్తువునీ దిగి చూడకుండా కొనరు.

మామూలు మనుషులు కుర్చీ కొనాలంటే కూర్చుని చూస్తారు. ఆయన లేచి చూస్తారు. మంచాల కొట్టుకి వెళితే అందరూ పడుకుని పరుపు మెత్తగా ఉందా లేదా అని చూస్తుంటారు. ఆయన పడుకున్న మరుక్షణం లేచి, కాళ్ళు కిందికి వేలాడేసి, "నేల అందడం లేదయ్యా" అంటూ ఇంకో మంచం దగ్గరికి పోతారు. చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూడడం ఆయనకి పట్టదు. విప్పడానికి వంగాలా అక్కర్లేదా అన్నదే లెక్క. ఇల్లు కొన్న రోజున లోపల గదులెన్నో చూడలేదట. వీధి గుమ్మం మెట్లు పదకొండుసార్లు దిగి, బయానా ఇచ్చి వచ్చేశారట. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీ ఎక్కి, డాక్టరు చేతులు కడుక్కుని వచ్చేలోగా దిగి, "కుర్చీ బాగుంది, రేపొస్తాను" అని ఇంటికి పోయారు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఇదంతా ఉద్యోగం అంటించిన జబ్బు. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఆయన సిద్ధాంతం అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ ఒకేలా చెప్పేవారు.

"ఎక్కేవాడి గురించి బెంగ అక్కర్లేదయ్యా. వాడికి బస్సు కావాలి, ఎలాగోలా ఎక్కుతాడు. దిగేవాడితో బస్సుకి పనైపోయింది. అందుకని వాడినెవరూ చూడరు. పడేదంతా అప్పుడే."

అందుకని చివరి మనిషి రెండో పాదం నేల మీద ఆనేదాకా ఆయన విజిల్ ఊదేవారు కాదు. ఒక పాదం చాలదు. ఆ తర్వాత ఆ మనిషి సంచీ దిగాలి, గొడుగు దిగాలి, గొడుగు మరిచిపోతే వెనక్కి ఎక్కి మళ్ళీ దిగాలి. ఆయన బస్సు ఏ ఊరికీ ఏ రోజూ టైముకి చేరలేదు. డ్రైవర్లు మొక్కుకుని మరీ వేరే రూట్లకి మార్పించుకునేవారు. ఒక డ్రైవరైతే ప్రతి స్టాపులోనూ పేపరు తీసి, మధ్యాహ్నానికి చిన్న ప్రకటనలతో సహా పూర్తి చేసేవాడు. కానీ ముప్ఫై నాలుగేళ్ళలో ఆ బస్సు దిగుతూ ఒక్కరు కూడా పడలేదు. రిటైరైన రోజున డిపోవాళ్ళు ఆయనకి గోడ గడియారం బహుమానంగా ఇచ్చారు. అందులోని వెటకారం ఆయనకి అర్థమైంది. గోడకి తగిలించారు గానీ కీ ఇవ్వలేదు.

ఇలాంటి మనిషి ఒకరోజు పొద్దున్న చిన్న ట్రాక్టర్ల షోరూములోకి వచ్చారు.

ఆ షోరూములో సేల్స్‌మన్‌కి ఇరవై ఆరేళ్ళు. చదువు మధ్యలో ఆగింది గానీ చదవడం ఆగలేదు. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాయి. ఇప్పుడు మనుషుల్ని చదువుతున్నాడు, వాళ్ళ మీద అతనికి మంచి అభిప్రాయమేమీ కలగలేదు. షోరూము యజమాని అతని అక్క మొగుడు. నాలుగు నెలలుగా అతను ఒక్క బండీ అమ్మలేదు. ముందురోజు సాయంత్రమే బావగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కేకలేమీ వేయకుండా చెప్పేశారు.

"నెలాఖరు దాకా చూస్తాను బావమరిదీ. ఒక్క బండి. ఒకే ఒక్కటి అమ్ము చాలు. లేదంటే ఈ బల్లా కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. నువ్వు వెనక షెడ్డులో నట్లూ బోల్టులూ సైజుల వారీగా వేరు చేసుకుంటూ కూర్చో. అక్కడ పుస్తకం చదువుకోవడానికి వెలుతురు కూడా ఉండదు."

మిగతా మాటలు ఎలా ఉన్నా, ఆ వెలుతురు మాట అతని గుండెలో ముల్లులా దిగింది. అందుకే ఆ పొద్దున్న లోపలికి వచ్చిన మొదటి మనిషిని చూసి, చాలాకాలం తర్వాత నవ్వాడు. నవ్వడం అలవాటు తప్పి, దవడ నొప్పెట్టింది.

"రండి సార్. ఎంత పొలం?"

"పొలం కాదు తమ్ముడూ. ఇంటి చుట్టూ రెండెకరాల తోట. నిమ్మ, సపోటా, నాలుగు మామిడి. వరసకీ వరసకీ మధ్య దారి తక్కువ. పెద్ద ట్రాక్టరు కిరాయికి పిలిస్తే వాడు దున్నినదానికంటే చెట్ల వేళ్ళు కోసింది ఎక్కువ. గేటు కూడా సన్నం. కాస్త ఏటవాలు నేల."

సేల్స్‌మన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంత స్పష్టంగా అవసరం చెప్పే కస్టమరు దొరకడం ఎంత అరుదో అతనికి తెలుసు. బ్రోచరు విప్పి, ఇరవై హార్స్‌పవర్ చాలుతుందని, వెడల్పు తక్కువ కాబట్టి చెట్ల మధ్య తిరుగుతుందని, వెనక నాలుగడుగుల రోటవేటర్ తగిలిస్తే కలుపంతా పిండైపోతుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఏటవాలు నేలకి చక్రాలు ఎలా జరుపుకోవాలో కూడా చెప్పాడు. కండక్టరుగారు శ్రద్ధగా విని, "మెట్టు ఎంత ఎత్తు?" అన్నారు.

"మెట్టా?"

"ఫుట్‌బోర్డు."

బ్రోచరులో ఇరవై మూడు వివరాలున్నాయి. మెట్టు ఎత్తు లేదు. కండక్టరుగారు జేబులోంచి దర్జీల టేపు తీసి కొలుచుకున్నారు. తర్వాత ఎర్ర ట్రాక్టరు ఎక్కి, సీటు మీద ఒక్క క్షణం కూర్చుని, దిగారు. ఎడమవైపు ఎక్కి కుడివైపు దిగారు. ముందుకు తిరిగి దిగారు. వెనక్కి తిరిగి దిగారు. చేతిలో గొడుగుతో దిగారు. ఒక చిన్న నోటు పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

"స్టార్ట్ చేయమంటారా సార్? ఒక రౌండ్ నడిపి చూడండి."

"అక్కర్లేదు. రేపొస్తాను."

పళ్ళ డాక్టరు సంగతి తెలిసి ఉంటే సేల్స్‌మన్ ఆ మాటకి భయపడేవాడు. కానీ ఈసారి రేపు నిజంగానే వచ్చింది. ఎల్లుండి కూడా వచ్చింది. ఆదివారాలు వదిలేస్తే, ఆ నెలలో కండక్టరుగారు రానిరోజు లేదు.

షోరూములో చిన్న ట్రాక్టర్లు మూడు రకాలు. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది, ఒకటి పసుపుది. మూడింటి నుంచీ ఆయన దిగుతూనే ఉన్నారు. పది నలభై బస్సుకి వచ్చేవారు. ఆ బస్సు స్టాపు షోరూము ఎదురుగానే. బస్సులోంచి అందరూ దిగేదాకా ఆగి, ఆఖరున దిగి, కండక్టరు కుర్రాడికి చెయ్యి ఊపి 'రైట్' చెప్పి, అప్పుడు రోడ్డు దాటేవారు. మెకానిక్కులు ఆయనకి 'దిగుడాయన' అని పేరు పెట్టారు. "ఇవాళ ఎన్ని దిగుళ్ళు?" అని పందేలు కూడా కాసేవారు.

నోటు పుస్తకంలో మార్కులు ఉండేవి. పదికి ఇన్ని అని. ఎర్రదానికి నాలుగు.

"ఎందుకండీ నాలుగే? ఇంజను వెన్నలా ఉంటుంది."

"గేరు రాడ్డు రెండు కాళ్ళ మధ్య పెట్టాడయ్యా. దిగేటప్పుడు కాలు దానిమీంచి దాటెయ్యాలి. దిగేవాణ్ణి గోడ దూకించడమేగా ఇది."

"నీలందానికి గేర్లు పక్కనే ఉన్నాయి కదా. కాళ్ళ దగ్గరంతా ఖాళీ."

"ఖాళీ బాగుంది. మెట్టే జానెడు ఎక్కువ ఎత్తుంది. అయిదు."

"పసుపుది?"

"గేర్లు పక్కన, మెట్టు కిందికి. పట్టుకోడానికే ఏమీ లేదు. మడ్‌గార్డు పట్టుకుంటే ఎండకి చెయ్యి కాలుతుంది. ఏడు."

"మైలేజీ చూడండి సార్. వెనక నాగలిని ఎత్తే లిఫ్టు చూడండి. ఒక్కసారి నడిపి చూడండి."

"నడిపేదేముంది? నడవడానికేగా చేసింది, నడుస్తుంది."

పదిరోజులయ్యేసరికి వ్యవహారం ముదిరింది. ఒకనాడు కండక్టరుగారు సంచీలోంచి దుప్పటి తీసి, ప్యాంటు మీద నడుముకి చుట్టుకుని దిగారు. ఎర్రదాని గేరు రాడ్డుకి దుప్పటి చిక్కుకుని, ఆయన కిందికొచ్చారు, దుప్పటి పైనే మిగిలింది. షెడ్డులోంచి మెకానిక్కులంతా వచ్చి నిలబడ్డారు. ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా ఎర్రదానికి నాలుగు కొట్టేసి మూడు వేసుకున్నారు. ఇంకోనాడు మోకాలికి స్కూలు పిల్లల చెక్క స్కేలు ఒకటి పెట్టి, తువ్వాలుతో బిగించి కట్టుకుని వచ్చారు. కాలు మడవకుండా కర్రలా చాచి, మూడు బండ్లూ ఎక్కి దిగారు.

సేల్స్‌మన్ ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "మోకాలు నొప్పా సార్?"

"నాకెందుకు నొప్పి? గుండ్రాయిలా ఉన్నాను."

అన్నట్టుగానే, స్కేలు విప్పి సంచీలో పడేసి, కదిలిపోతున్న పన్నెండున్నర బస్సు వెనక పరుగెత్తి మరీ ఎక్కారు. నొప్పి లేని మోకాలికి స్కేలు కట్టుకునే మనిషి గురించి సేల్స్‌మన్ చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

బావగారికి మాత్రం అంతా విడ్డూరంగా ఉండేది.

"కొంటాడా ఆయన?"

"కొంటారనే అనుకుంటున్నాను."

"నడిపి చూశాడా?"

"దిగి చూశారు."

"నెల రోజుల్నుంచీ దిగుతూనే ఉన్నాడు కదయ్యా. పైన ఉన్నప్పుడు ఒక్కసారైనా కాగితాలు చూపించవచ్చుగా?"

"పైన ఒక్క క్షణం కూడా ఉండరు బావగారూ."

"సరే. నట్లన్నీ ఒక మూల పోయించి పెట్టాను. చాలా రకాలున్నాయి. నీకు కాలక్షేపానికి లోటుండదు."

ఆ మాట పడిన సాయంత్రం, అందరూ వెళ్ళాక, సేల్స్‌మన్‌కి ఒళ్ళు మండిపోయింది. తనకి కనిపించనిది ఈ ముసలాయనకి ఏం కనిపిస్తోంది? గుమాస్తా బల్ల మీది స్కేలు తీశాడు. చేతిరుమాలుతో మోకాలికి కట్టుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, పసుపు ట్రాక్టరు ఎక్కాడు. ఎక్కడం పెద్ద కష్టమనిపించలేదు. దిగబోయాడు.

దిగడం కుదరలేదు.

కాలు మడవకపోతే నేల ఎక్కడుందో తెలియడం లేదు. పట్టుకోవడానికి చెయ్యి వెతుక్కుంటే నున్నటి రేకు తప్ప ఏమీ దొరకలేదు. రోజంతా తను అరచేతితో తట్టి తట్టి పొగిడే బండి ఒక్కసారిగా మేడంత అయిపోయింది. కాసేపు అలాగే పైన కూర్చుండిపోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఒళ్ళంతా బాగున్నవాడు, అటక మీద చిక్కుకున్న పిల్లిలా. చివరికి కట్టు విప్పుకుని దిగాడు. దిగి, నేరుగా షెడ్డులోకి వెళ్ళి, ఇంటికి పోబోతున్న వెల్డింగ్ మనిషిని బతిమాలి ఆపాడు. మూరెడు గొట్టం కోయించి, ఎడమ మడ్‌గార్డు పక్కన పట్టుకోవడానికి వీలుగా అతికించాడు. చెయ్యి కాలకుండా దానికి పాత సైకిలు ట్యూబు చుట్టాడు. అడుగున ఇంకో చిన్న మెట్టు కూడా పెట్టించాడు.

మర్నాడు పది నలభై బస్సు దిగి వచ్చిన కండక్టరుగారు ఆ పిడిని చూసి ఆగిపోయారు. స్కేలు కట్టుకుని ఎక్కారు. పిడి పట్టుకుని, కాలు చాచి, చిన్న మెట్టు మీంచి నేల మీదికి దిగారు. మళ్ళీ ఎక్కి దుప్పటి చుట్టుకుని దిగారు. పుస్తకం తీశారు.

"తొమ్మిది."

సేల్స్‌మన్ తన జీవితంలో ఏ పరీక్షలోనూ అంత ఆనందపడలేదు. "ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది సార్?"

"పదో మార్కు నేను వేసేది కాదు. దిగినవాళ్ళు వేయాలి."

"మీరేగా దిగింది?"

"బండి ఇంటికి తీసుకురా తమ్ముడూ. తోటలో చూద్దాం. కాగితాలు కూడా తెచ్చుకో."

ఆ రోజు నెలలో ఆఖరి తారీఖు. సాయంత్రం ఆరింటికి షోరూము తలుపు పడుతుంది.

మధ్యాహ్నం మూడింటికి సేల్స్‌మన్ పసుపు ట్రాక్టరుని నడుపుకుంటూ కండక్టరుగారి ఇంటికి వెళ్ళాడు. సన్నటి గేటులోంచి రెండు వైపులా బెత్తెడు ఖాళీతో బండి లోపలికి దూరింది. లోపల నిమ్మచెట్ల మధ్య కలుపు నడుములోతు పెరిగి ఉంది. సపోటా కొమ్మలు నేలని ఊడుస్తున్నాయి. ఒకప్పుడు ఎవరో చాలా శ్రద్ధగా పెంచి, ఉన్నట్టుండి చెయ్యి వదిలేసిన తోట అది. గోడ పక్కన రేకుల పాక ఒకటి ఉంది. అందులో ట్రాక్టరు పట్టేంత చోటు ఉంది గానీ ట్రాక్టరు లేదు. నేల మీద పాత ఆయిలు మరక మాత్రం ఉంది.

వరండాలోకి కండక్టరుగారి భార్య వచ్చింది. పాదాల దాకా గౌను, చేతిలో కర్ర, ముక్కు చివర కళ్ళద్దాలు. కుడికాలు మడవకుండా, పక్కకి తిప్పుతూ నడుస్తోంది. సేల్స్‌మన్ ఆ కాలు చూశాడు. ఆ గౌను చూశాడు. అతనికి ఆ స్కేలూ, ఆ దుప్పటీ గుర్తొచ్చాయి.

"ఏమిటండీ ఇది?" అంది ఆవిడ భర్తతో.

"ట్రాక్టరు."

"నాకు కళ్ళజోడు ఉంది, కనిపిస్తోంది. ఎందుకూ అని."

"తోటకి."

"ఎవరు నడుపుతారు? మీరా?" ఆవిడ సేల్స్‌మన్ వైపు తిరిగింది. "చూడు బాబూ, ఈయన ముప్ఫై నాలుగేళ్ళు బస్సులో తిరిగారు. స్టీరింగు ఎటు తిప్పితే బండి ఎటు పోతుందో ఇప్పటికీ తెలియదు. సైకిలు కూడా నడిపించుకుంటూ వస్తారు, ఎక్కరు. నీ దగ్గర నడిపారా?"

సేల్స్‌మన్‌కి నెల రోజులూ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఇంజను గురించి, గేర్ల గురించి, మైలేజీ గురించి, బండి తోలడమే రాని మనిషికి తను ఇన్నాళ్ళూ ఉపన్యాసాలిచ్చాడు. ఆయన ఒక్కసారీ ఆవలించకుండా విన్నారు.

"లేదమ్మా. దిగారంతే."

"అదొక్కటే వచ్చు ఈయనకి."

కండక్టరుగారు పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఎక్కు," అన్నారు భార్యతో.

"నేను ఎక్కనని రెండేళ్ళ కిందే చెప్పాను."

"ఎక్కి దిగు. నడపొద్దులే. ఊరికే దిగు."

ఆవిడ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఆవిడ మెట్టు చూసింది, దాని కింది మెట్టు చూసింది. కాళ్ళ దగ్గర ఖాళీ చూసింది. ట్యూబు చుట్టిన పిడిని వేళ్ళతో నొక్కి చూసింది. కర్ర భర్త చేతికిచ్చి, ఒక్కో మెట్టూ పైకెక్కి, సీట్లో కూర్చుంది. కూర్చోగానే ఆవిడ మొహమే మారిపోయింది. నడుం నిటారుగా అయింది. ఎడమ కాలు వెళ్ళి క్లచ్ మీద దానంతటదే పడింది.

"దిగు మరి," అన్నారు కండక్టరుగారు.

ఆవిడ తాళం తిప్పింది.

బండి నిమ్మచెట్ల మధ్యకి దూరింది. వరస చివర ఒక్క చెట్టునీ తాకకుండా తిరిగి, రెండో వరసలోకి వెళ్ళింది. సేల్స్‌మన్ ఎన్నో డెమోలు చూశాడు గానీ, అంత సులువుగా మలుపు తిప్పినవాళ్ళని చూడలేదు.

"వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది," అన్నారు కండక్టరుగారు, కర్ర చంకలో పెట్టుకుని. "ఈ తోటంతా ఆవిడ దున్నిందే. నేను జీతం తెచ్చాను, ఆవిడ కాయలు తెచ్చింది. మోకాలు బిగుసుకుపోయాక కూడా మానలేదు. రెండేళ్ళ కింద నేను బజారుకి వెళ్ళినప్పుడు పాత ట్రాక్టరు మీద ఇరుక్కుపోయింది. ఎక్కింది, దున్నింది, దిగలేకపోయింది. మూడు గంటలు ఎండలో అలాగే కూర్చుంది."

"కేకెయ్యలేదా అండీ?"

"కేకేస్తే పక్కవాళ్ళు వచ్చి ఎత్తి దించుతారుగా. ఆవిడని ఎవరైనా ఎత్తి దించడమా? నేను వచ్చేసరికి, ఏమీ జరగనట్టు పాట పాడుకుంటోంది. బల్ల తెచ్చి వేశాను, దానిమీద స్టూలు వేశాను, దిగింది. మర్నాడే ఆ బండి అమ్మేసింది. ఓపిక లేదు, ఇక చాలు అంది. అందరూ నమ్మారు." ఆయన కర్రని చంకలోంచి చేతిలోకి తీసుకున్నారు. "ఎక్కడానికి ఆవిడకి భయం ఎప్పుడూ లేదు తమ్ముడూ. దిగలేనేమోనని ఎక్కడం మానేసింది. ముప్ఫై నాలుగేళ్ళు ఊళ్ళో ప్రతివాణ్ణీ దించాను. ఇంట్లో మనిషి దిగేటప్పుడు మాత్రం బజార్లో ఉన్నాను."

సేల్స్‌మన్ కాగితాలు తీశాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి సార్."

"దిగనీ."

"ఎవర్ని?"

"ఆవిడ్ని. రెండో పాదం నేల మీద పడ్డాకే సంతకం."

టైము నాలుగైంది. ఆవిడ దిగలేదు. నాలుగున్నరైంది. ఆవిడ నాలుగో వరసలో ఉంది. కండక్టరుగారు జేబులోంచి పాత విజిల్ తీసి నోట్లో పెట్టుకుని, బండి ఆగే చోట నిలబడ్డారు. బండి దగ్గరికి వచ్చింది, ఆయన పక్క నుంచే వెళ్ళిపోయింది.

"ఏమే, దిగు."

"ఉండండి. ఈ వరస అయ్యాక."

సేల్స్‌మన్ ఫోను మోగింది. బావగారు.

"సంతకం అయిందా?"

"అమ్మగారు దిగలేదండీ."

"ఎక్కణ్ణుంచి?"

"బండి మీంచి."

"నెల రోజులుగా ఆయన పైన ఉండడంలేదని ఏడ్చావు. ఇప్పుడు ఆవిడ దిగడంలేదంటావా? దించెయ్."

"ఆవిణ్ణి ఎవరూ దించకూడదు బావగారూ."

"ఎందుకని?"

"అదంతా ఫోన్లో చెప్పేది కాదు."

అయిదింటికి సేల్స్‌మన్ ట్రాక్టరు పక్కన పరుగెత్తడం మొదలెట్టాడు. "అమ్మా, దండం పెడతాను, ఒక్కసారి దిగండమ్మా. మళ్ళీ ఎక్కుదురుగాని. ఆరింటికి తలుపేస్తారమ్మా."

"రెండేళ్ళ కలుపు బాబూ ఇది. ఏదీ, రోటవేటర్ ఎప్పుడు తెస్తావు?"

"సంతకం పెట్టిన మర్నాడు."

"అయితే సంతకం పెట్టమను."

"మీరు దిగితే గానీ పెట్టరట."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

ఆవిడ బండి ఆపింది. దూరంగా విజిల్ నోట్లో పెట్టుకుని, కర్ర పట్టుకుని, డిపోలో మొదటి రోజు నిలబడ్డట్టు నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ఏమనుకుందో గానీ, బండిని నెమ్మదిగా ఆయన ముందు వరకూ తెచ్చి ఇంజను కట్టేసింది.

తోటంతా నిశ్శబ్దమైంది. ఆవిడ ఎడమ చేత్తో పిడి పట్టుకుంది. బిగుసుకున్న కాలు చాచింది. గౌను ఎక్కడా చిక్కుకోలేదు. ఒక పాదం కింది మెట్టు మీద పడింది. కండక్టరుగారు చెయ్యి చాచలేదు. చాచాలని ఎంత అనిపించిందో కర్రని పట్టుకున్న వేళ్ళు తెల్లబడడంలోనే తెలిసిపోతోంది. ఒక పాదం నేలని తాకింది. కండక్టరుగారు కదల్లేదు. రెండో పాదం దిగింది. ఆవిడ పిడి వదిలేసి, గౌను దులుపుకుంది.

అప్పుడు విజిల్ మోగింది. పక్కింటి కుక్క మొరిగింది. చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

కండక్టరుగారు బానెట్ మీద కాగితాలు పరిచి, చూపించినచోటల్లా సంతకాలు పెట్టారు. టైము అయిదూ ఇరవై. సేల్స్‌మన్ ఫోను తీసి ఒక్క ముక్క అన్నాడు: "దిగారు." అవతల బావగారు, "ఆ నట్లు వేరే ఎవరైనా చూసుకుంటార్లే," అని పెట్టేశారు.

కండక్టరుగారు నోటు పుస్తకం తెరిచి, భార్యకి పెన్ను అందించారు. "పదో మార్కు. నువ్వే వెయ్యాలి."

ఆవిడ పేజీలు తిప్పింది. ఎర్రది నాలుగు కొట్టేసి మూడు. దుప్పటితో అయిదుసార్లు. స్కేలుతో పన్నెండుసార్లు. తడి చెప్పులతో రెండుసార్లు. ప్రతి పేజీ మీదా తారీఖు, దిగిన వైపు, పట్టుకున్న చోటు. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"దుప్పటి ఏ దుప్పటి?" అంది.

"పెద్ద పువ్వులది."

"అందుకే చిరిగింది. నేను ఎలకలనుకున్నాను." పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది. "నేను సరిగ్గా చూసుకోలేదండీ, మీరు అలా కళ్ళప్పగించి నిలబడితే దృష్టంతా మీ మీదే ఉంది. దిగడం ఎలా ఉందో గుర్తులేదు. మళ్ళీ ఒకసారి ఎక్కి చూస్తాను."

సేల్స్‌మన్ వద్దనేలోపే ఆవిడ పిడి పట్టుకుంది. పైకెక్కి తాళం తిప్పింది.

డెమో బండి అక్కడే ఉండిపోయింది కాబట్టి సేల్స్‌మన్ బస్సులో వెనక్కి వచ్చాడు. షోరూము ఎదుటి స్టాపులో తొందరగా దిగబోయి, వెనక ఎవరో సంచీతో తడుముకుంటున్నారని తెలిసి ఆగాడు. పక్కకి జరిగి, ఆ మనిషి రెండు పాదాలూ నేల మీద పడేదాకా నిలబడ్డాడు. బస్సు కండక్టరు విసుక్కున్నాడు.

"దిగుతావా లేదా? ఇప్పటికే లేటు."

"రైట్ రైట్," అన్నాడు సేల్స్‌మన్ కిందికి దిగి. ఆ నెలలో రెండోసారి నవ్వాడు. ఈసారి దవడ నొప్పెట్టలేదు.